కొలత తూము దగ్గరే ఉంది

క్లౌడ్‌లో చిన్న సర్వర్ ఒకటి తీసుకోగానే మొదట వినిపించే మాట: "లోపల ఏజెంట్ వెయ్యకపోతే మానిటరింగే లేనట్టు." ఏజెంట్ అంటే మెషీన్ లోపలే నడుస్తూ లెక్కలు పంపే చిన్న ప్రోగ్రాం. మెదక్‌లో ఫీజుల లెక్కకు ఒక కాలేజీ, రిపోర్టుల కోసం ఒక ల్యాబ్, బిల్లింగ్‌కు ఒక విత్తనాల దుకాణం ఒకటో రెండో వర్చువల్ మెషీన్లు అద్దెకు తీసుకున్నా ఇదే మందు రాసిస్తున్నారు. ప్రాసెసర్ వాడకం వరకు ఈ మాట తప్పు. చిన్నవాళ్లకు నష్టం తెచ్చే తప్పు కాబట్టి చూస్తూ ఊరుకోలేను.

మన జిల్లావాళ్లకు ఈ సంగతి నీళ్ల లెక్కలో చెప్తే చాలు. మంజీర మీద ఘనపురం ఆనకట్ట 1905 నాటిది. దాని కింద మహబూబ్ నహర్, ఫతే నహర్ పారుతాయి. ఏ కాల్వకు ఎంత నీరు పోతోందో తెలియాలంటే ప్రతి మడిలో మనిషిని నిలబెట్టరు, నీళ్లు వదిలే చోట చూస్తారు. ఊరి చెరువు కింద నీరటి చేసేదీ అదే. క్లౌడ్‌లో ఆ నీరటి పేరు హైపర్‌వైజర్. ఒక పెద్ద సర్వర్‌ను పదిమందికి పంచేది అదే. ఏ మెషీన్‌కు ప్రాసెసర్‌ను ఎంతసేపు ఇచ్చిందో దానికి తెలుసు, ఇచ్చిన చెయ్యి దానిదే కదా.

ఆ లెక్కను అది దాచిపెట్టడం లేదు. అమెజాన్ ఈసీ2లో ప్రతి మెషీన్ ప్రాసెసర్ వాడకం 5 నిమిషాలకోసారి క్లౌడ్‌వాచ్ అనే కొలతల సేవలో ఉచితంగా నమోదవుతుంది. డబ్బు కడితే నిమిషానికోసారి వస్తుంది. మైక్రోసాఫ్ట్ అజూర్ ఇదే లెక్కను 93 రోజులు నిల్వ ఉంచుతుంది. గూగుల్ క్లౌడ్ కూడా హైపర్‌వైజర్ నుంచే తీసి చూపిస్తుంది. ఈ మూడింటిలో దేనికీ మెషీన్ లోపల ఏమీ వెయ్యనక్కర్లేదు. ఇంటి కరెంటు వాడకం బయటి మీటరులో తిరుగుతుంటే, వంటింట్లో మరో మీటరు బిగించి నెలనెలా దానికీ డబ్బు కట్టమంటే ఒప్పుకుంటామా?

"లోపలి లెక్కే అసలు లెక్క, బయటిది ఉజ్జాయింపు" అని ఒక వాదన. నేను కళ్లారా చూసిన సంగతి చెప్తాను. ఒక విద్యాసంస్థ సైట్ ఫలితాల రోజున నత్తనడక నడిచింది. మెషీన్ అమెజాన్‌లోని టీ2 మైక్రో. ఈ రకానికి గంటకు 6 క్రెడిట్లు జమవుతాయి. ఒక క్రెడిట్ అంటే ఒక నిమిషం పూర్తి ప్రాసెసర్. అంటే ఆగకుండా వాడుకోగలిగేది పదో వంతే. లోపలి ఏజెంట్ మాత్రం ప్రాసెసర్ 100 శాతం నిండిందని చూపించింది. తప్పు ప్రోగ్రాందే అనుకుని రెండు రోజులు కోడ్ తిరగరాశారు. బయట కన్సోల్‌లో వాడకం 10 శాతం దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి ఉంది, క్రెడిట్ల నిల్వ సున్నా. ఆ రెండు గీతలూ పక్కపక్కన చూస్తే జబ్బు ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది. క్రెడిట్ల ఖాతా మెషీన్ లోపల ఉండదు. ఎంత ఖరీదైన ఏజెంట్ అయినా లోపల వెతికితే అది దొరకదు.

ఇంకో సంగతి. మెషీన్ పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు ఏజెంట్ కూడా దానితోపాటే బిగుసుకుపోతుంది. మనకు లెక్క అత్యవసరమైన ఆ ఘడియలోనే గ్రాఫ్ ఖాళీ. బయటి కొలత అప్పుడూ వస్తూనే ఉంటుంది.

"చిన్న ప్రోగ్రామే, ఉంటే పోయేదేముంది" అనేవాళ్లు 2021 సెప్టెంబరును గుర్తు చేసుకోవాలి. అజూర్‌లో కొన్ని సేవలు ఆన్ చేస్తే లైనక్స్ మెషీన్లలో ఓఎంఐ అనే ఏజెంట్ దానంతటదే చేరిపోయేది, చాలామంది కస్టమర్లకు అది ఉన్నట్టే తెలియదు. దాని పోర్టు బయటికి తెరిచి ఉన్నచోట, పాస్‌వర్డ్ లేకుండానే రూట్ అధికారం చేజిక్కించుకునే లోపాన్ని విజ్ సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా ఏజెంట్‌కు వచ్చిన ఒక చెడ్డ అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. అది కాపలా ఏజెంట్, కొలిచే ఏజెంట్ కాదు, నిజమే. కానీ ఇద్దరికీ లోపలికి తలుపు తీసింది మనమే.

బయటి కొలతకూ హద్దులున్నాయి. మెమరీ ఎంత నిండింది, డిస్కులో ఎంత చోటు మిగిలింది, ఏ ప్రోగ్రాం ప్రాసెసర్‌ను మింగుతోంది అన్నవి ఈసీ2లో బయటి నుంచి కనపడవు. 5 నిమిషాల సగటులో 30 సెకన్ల ఉప్పెన 10 శాతంగా కరిగిపోతుంది. నిమిషం లెక్క అవసరమైన ఆ ఒక్క మెషీన్‌కు డబ్బు కట్టండి. మెమరీ తెలియాల్సిన చోట ఏజెంట్ వెయ్యండి, వద్దనను. అవసరం చూడకుండా అన్నిటికీ మొదటి రోజే వెయ్యడాన్నే ఖండిస్తున్నాను.

హైదరాబాద్‌లో పెద్ద కంపెనీకి ఏజెంట్లను కనిపెట్టుకునే జట్టు ఉంటుంది. మెదక్‌లో కాలేజీకి అలాంటి మనిషి లేడు. ఏజెంట్ వేసినాయన బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. రెండేళ్లకు దాని వెర్షన్ పాతబడుతుంది, లోపాలు బయటపడతాయి, అతుకు వేసే దిక్కుండదు. కాపలాకని పెట్టుకున్నది మనమే కాపలా కాయాల్సిన బరువవుతుంది.

అందుకే ఏజెంట్ వేస్తామని వచ్చినవాళ్లను ముందుగా రెండు ప్రశ్నలు అడగండి: బయట కనపడనిది లోపల మీరు చూపించేదేమిటి? మీరు వెళ్లాక దీన్ని ఎవరు చూసుకుంటారు? రెండింటికీ సూటిగా జవాబు వస్తే వేయించుకోండి. రాకపోతే కన్సోల్ తెరిచి, ప్రాసెసర్ వాడకం మీద ఒక అలారం, క్రెడిట్ల నిల్వ మీద మరొకటి పెట్టుకోండి. ఆ విద్యాసంస్థ ఆ పని ముందే చేసి ఉంటే, ఫలితాల రోజున పిల్లలు ఫోన్లు పట్టుకుని అంతసేపు ఎదురుచూసేవాళ్లు కాదు.