ఆకుమచ్చల చొక్కాలు

అడవిలో కనిపించకూడదని వేసుకునే బట్టల్ని నలుగురి కంట్లో పడాలని వేసుకోవడం ఈనాటి ఫ్యాషను. సెలవురోజు వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టు గట్టు మీద చూడండి. తండ్రికీ కొడుక్కీ ఒకే రకం ఆకుమచ్చల చొక్కాలు, చేతిలో పాటలపెట్టె! ఇంతకీ వీళ్లు ఎవరికి కనపడకుండా దాక్కుంటున్నట్లు?

"పిట్టల్ని చూడ్డానికండీ" అంటారు. పిట్టలకు మనకన్నా రంగులు బాగా తెలుసు. చాలావాటికి మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది. బట్టలు మెరవాలని సబ్బుపొడిలో కలిపే మందు ఆ కాంతి సోకితే నీలంగా వెలుగుతుంది. మరి ఉతికి ఇస్త్రీ చేసిన ఆకుమచ్చ, పిట్ట కంటికి ఆకులాగే ఉంటుందని ఎవరు చెప్పారు? జింకకు ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగా తెలియదు. కానీ కదలికా వాసనా ఇట్టే పసిగడుతుంది.

మన ఆడవాళ్లు ఎర్రచీరల్లోనే నాట్లు వేస్తారు. పక్క మడిలో కొంగలు తాపీగా పురుగులేరుకుంటాయి. ఈ మనిషి మన జోలికి రాదన్న ధీమా వాటికి చాలు.

సైనికుడి సంగతి వేరు, అతనికది ప్రాణరక్షణ. మన సైన్యం 2022లో కొత్త మచ్చల యూనిఫారం తెచ్చి, ఎవరూ నకలు కుట్టకుండా ఆ డిజైను రిజిస్టరు కూడా చేయించింది. ప్రాణం కోసం పుట్టిన బట్ట పసివాడికి ముచ్చటెందుకయింది?

కొనేది మనమేగా! ఈసారి దుకాణంలో ఒక్క క్షణం ఆగండి. పాత నూలుచొక్కా తొడిగి, పాటలపెట్టె ఇంట్లో పెట్టి, గట్టున పావుగంట కదలకుండా కూర్చోవడం పిల్లాడికి నేర్పండి. పిట్టలు వాటంతటవే వస్తాయి.