ఖాళీ గడి

బడి లెక్కలలో తెలుగు పిల్లలెందరని కంప్యూటరును అడిగినప్పుడు "ఎవరూ లేరు" అన్న జవాబు వస్తే వెంటనే నమ్మరాదు. అడిగిన తీరును, ఆపై వివరాలు నింపిన తీరును పరీక్షించాలి.

హోసూరు, కృష్ణగిరి సీమలో మన భాషను మనం 'తెలుగు' అంటాం. తమిళంలో 'తెలుంగు' అంటారు. నమోదు చేసేవారిలో ఒకరు ఒకటి, మరొకరు మరొకటి రాస్తే యంత్రానికవి రెండు వేర్వేరు మాటలు. ఒకదానిని వెదికితే రెండవది దొరకదు.

అంతకంటె చేటు ఖాళీ గడి. సమాచార నిధులను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్‌లో ఏమీ నింపని గడి దేనికీ సమానమని తేలదు, అసమానమనీ తేలదు. "తమిళం కానివారెందరు?" అని అడిగినా, మాతృభాష నింపని బిడ్డ ఆ లెక్కకు రాదు. తప్పు జరిగిందన్న హెచ్చరికైనా తెరమీద కనిపించదు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. లెక్కలో లేని బిడ్డకోసం తరగతి అడగడమెలా? లెక్క తీసేవారు రెండు రూపాలనూ వెదకాలి, ఖాళీలను విడిగా లెక్కించాలి. బడిలో చేర్చేనాడు మాతృభాష గడిని మన చేతితోనే నింపుదాం. నమోదైనదేమిటో చదివి చూసుకొన్నాకే ఇంటికి వద్దాం.