జనం మీదికి ఈ తుపాకులు వద్దు

నిమిషానికి ఏడు వందల తూటాలు పేల్చగల ఏకే-203 రైఫిల్ మన సైన్యం చేతికి వస్తోంది. ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో దీన్ని తయారు చేస్తున్నారు. 2021 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆరు లక్షలకు పైగా రైఫిళ్లు అందాలి. మన దగ్గర చూస్తే, లేపాక్షి-మడకశిర ప్రాంతాన్ని రాష్ట్ర ప్రభుత్వం రక్షణ పరిశ్రమల కేంద్రాల్లో ఒకటిగా ఎంచుకుంది. ఆయుధ పరిశ్రమ మన రాయదుర్గం పొరుగు జిల్లాకు వచ్చినట్టే. వానలు మొహం చాటేసిన ఏడాదల్లా బెంగళూరు బస్సెక్కే మన పిల్లలకు అక్కడ పని దొరికితే అంతకన్నా కావలసిందేముంది?

సైన్యానికి మేలైన తుపాకీ ఇవ్వడంపై ఈ పత్రికకు ఏ అభ్యంతరమూ లేదు. గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ మురళీ నాయక్ 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలర్పించాడు. అలాంటి చోట నిలబడే జవాను చేతిలో శత్రువు దగ్గరున్నదాని కంటే మంచి ఆయుధం ఉండి తీరాలి. అదే తుపాకీ ఊళ్లోకి వచ్చి, ధర్నా చేస్తున్న జనం ఎదుట నిలబడటాన్ని మాత్రం ఒప్పుకునేది లేదు.

వరుస కాల్పుల అసలు పనేమిటో ముందు తెలుసుకోవాలి. గురి చూసి ఒకరిని కొట్టడానికి పుట్టిన పద్ధతి కాదది. ఎదుటివాణ్ని తల ఎత్తనీయకుండా చేసి, ఆ సందులో మనవాళ్లను ముందుకు నడిపించడానికి పుట్టింది. ఏకే తుపాకీ కుడి పక్కన ఒక మీట ఉంటుంది. అది పైన ఉంటే తుపాకీ పేలదు. ఒక మెట్టు దించితే ట్రిగ్గర్ వదిలేదాకా పేలుతూనే ఉంటుంది. పూర్తిగా దించితే నొక్కినప్పుడల్లా ఒక్క తూటా. మధ్య మెట్టులో పెట్టి వేలు బిగిస్తే ముప్పై తూటాల మ్యాగజైన్ మూడు సెకన్లలో ఖాళీ అవుతుంది. మొదటి తూటా తర్వాత గొట్టం పైకి లేస్తుంది, గురి చెదురుతుంది. మన ఇన్సాస్ రైఫిల్‌ను రూపొందించినవారు ఒక్క నొక్కుకు మూడు తూటాలు మించకుండా కట్టడి పెట్టారంటే, తూటాలు వృథా కాకూడదనే. యుద్ధభూమిలో గురి తప్పిన తూటా వృథా. బజారులో అదే తూటా కిటికీ దగ్గర నిలబడ్డ ఎవరికో తగులుతుంది.

పాత .303 రైఫిల్‌కు ప్రతి తూటా తర్వాత బోల్టు లాగాలి. ఆ లాగే క్షణంలో కానిస్టేబులు ఎదురుగా ఏం జరుగుతోందో చూడగలడు. అధికారి ఆపమని అరిస్తే వినగలడు. మూడు సెకన్లలో ముప్పై తూటాలు వెళ్లిపోతే చూడటానికీ వినటానికీ వ్యవధి ఎక్కడిది? ఒక్కో తూటాకు ఒక్కో నిర్ణయం ఉండాలన్న నియమం అక్కడే చచ్చిపోతుంది. అప్పుడు ఎవరు ఎవరిని ఎందుకు కాల్చారో తేల్చడం విచారణ కమిషన్ల వల్ల కూడా కాదు.

ముదిగొండను తెలుగువాళ్లు మరిచిపోయి ఉండరు. 2007 జూలై 28న, పేదలకు భూమి కావాలని వామపక్షాలు బంద్‌కు పిలుపునిచ్చిన రోజు, ఖమ్మం జిల్లాలోని ఆ ఊళ్లో పోలీసులు ఏకే-47తో కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. రాళ్లు పడ్డాయి, ఉద్రిక్తత ఉంది, నిజమే. కానీ రాళ్లకు జవాబు యుద్ధం కోసం చేసిన తుపాకీయా? జనాన్ని అదుపు చేయడానికి వెళ్లినవారి దగ్గర ఆ తుపాకీ అసలెందుకుంది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే నిబంధన ఇన్నేళ్ల తర్వాత కూడా కంటికి కనిపించదు.

పాత తుపాకులు దయగలవని అనడం లేదు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో యాభై మంది సిపాయిలు బోల్టు రైఫిళ్లతోనే పది నిమిషాల్లో 1,650 తూటాలు కాల్చారు. ప్రభుత్వ లెక్కలోనే 379 మంది చనిపోయారు. మర తుపాకులు బిగించిన రెండు వాహనాలను కూడా ఆ కాల్పులకు ఆదేశమిచ్చిన జనరల్ డయ్యర్ వెంట తెచ్చాడు. సందు ఇరుకై అవి లోపలికి పోలేకపోయాయి. వెళ్లగలిగి ఉంటే బహుశా వాడి ఉండేవాణ్నని ఆ ఘటనపై విచారణ జరిపిన హంటర్ కమిటీ ముందు తానే ఒప్పుకున్నాడు. ఆ రోజు అడ్డుపడింది చట్టం కాదు, ఒక ఇరుకు సందు. స్వతంత్ర దేశంలో ఆ పని చట్టం చేయాలి.

ముంబయి మాటేమిటని పోలీసు అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2008 నవంబరు 26 రాత్రి ఉగ్రవాదుల ఏకే-47ల ముందు పోలీసులు పాత రైఫిళ్లతో, లాఠీలతో నిలబడ్డారు. వారిలో తుకారాం ఓంబ్లే లాఠీ పట్టుకునే ఉగ్రవాది కసబ్‌ను అడ్డుకుని అమరుడయ్యాడు. అలాంటి రాత్రుల కోసమే ఉగ్రవాద నిరోధక పోలీసు దళం ఆక్టోపస్ ఉంది. ఆ దళానికి ఏ ఆయుధమైనా ఇవ్వండి. కానీ ఉగ్రవాదికీ, పట్టా కోసం వచ్చిన కూలీకీ తేడా తెలియని తుపాకీని బందోబస్తు డ్యూటీకి పంపకండి.

సీమలో ఈ మాట గట్టిగా అనడానికి మరో కారణం ఉంది. ఇక్కడ తుపాకీ హోదాకు గుర్తు. టూ ప్లస్ టూ, ఫోర్ ప్లస్ ఫోర్ అంటూ గన్‌మెన్‌ను లెక్కపెట్టి నాయకుడి స్థాయిని కొలుస్తారు. పెళ్లిపందిళ్లలో పిల్లల భుజాలను రాసుకుంటూ ఆటోమేటిక్ తుపాకులు తిరుగుతుంటాయి. ఫ్యాక్షన్ చూసిన నేల మీద ఇంత నిర్లక్ష్యం తగదు.

భూమి సంగతీ ఉంది. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో ఎనిమిది వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. చెప్పిన పరిశ్రమలు రాలేదు. రేపు రక్షణ పరిశ్రమలకు భూములడిగితే రైతులు నిలదీస్తారు, రోడ్డెక్కుతారు. అది వారి హక్కు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2010లో, కాకరాపల్లిలో 2011లో థర్మల్ కేంద్రాలు వద్దన్నవారి మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ చరిత్ర ఇక్కడ పునరావృతం కాకూడదు.

సైన్యాన్ని పిలిచినప్పుడు సైతం వీలైనంత తక్కువ బలం వాడాలని, తక్కువ హాని చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. ఆ మాటకు విలువ ఉండాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో ఇవ్వాలి. ధర్నాలు, బంద్‌లు, భూసేకరణ సభల బందోబస్తుకు వరుసగా పేలే తుపాకీ ఏదీ స్టేషన్ గడప దాటకూడదు. నాయకుల గన్‌మెన్‌కూ జనసమూహాల్లో ఇదే నియమం వర్తించాలి. కాల్పులు జరిగితే ఏ ఆయుధం ఎవరికిచ్చారు, ఎన్ని తూటాలు తిరిగొచ్చాయి అన్న రిజిస్టరు 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుండాలి, జనానికీ తెలియాలి. పోలీసు శాఖ రాష్ట్రం చేతిలోనిదే కాబట్టి ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. లేపాక్షి-మడకశిరలో తదుపరి భూసేకరణ నోటిఫికేషన్ వెలువడేలోపే ఆ జీవో రావాలి.