పేపరు మార్పుకు హద్దు సరే, ముందుగా చెప్పేదెవరు?

డిగ్రీలో తప్పనిసరి పేపరుకు బదులు మరొకటి చదువుతామన్నా, ఇదివరకే చదివాం గనుక మినహాయించమన్నా విశ్వవిద్యాలయాలు ఒక పట్టాన ఒప్పుకోవు. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయకుండానే బి.యస్సీ. పట్టా పుచ్చుకున్నవాడిని రేపు ఉద్యోగమిచ్చేవాడు నమ్మడు.

హద్దు ఉండనీయండి. అది విద్యార్థి చెవిన పడేదెప్పుడన్నదే ప్రశ్న. కేంద్ర ప్రభుత్వపు 'స్వయం' ఆన్‌లైన్ పాఠాలకు యు.జి.సి. 2016లో 20 శాతం వరకు అనుమతించి, 2021లో దానిని 40 శాతానికి పెంచింది. అంటే ఒక సెమిస్టరులో 5 పేపర్లుంటే 2 అలా చదవవచ్చు. అయితే ఏ పాఠాలను లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించేది విశ్వవిద్యాలయమే. ఈ చివరి ముక్క తెలియకనే పిల్లలు దెబ్బతింటారు. 12 వారాలు పాఠాలు విని, ఫీజు కట్టి పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చాక "ఇది మా జాబితాలో లేదు" అంటే ఆ శ్రమంతా నీళ్లపాలే.

కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి సుగ్గికని, మిరప కోతలకని గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇళ్ల పిల్లలకు ఆన్‌లైన్ పాఠం ఒక ఆసరా. (ఆ పాఠాల్లో ఎక్కువ ఇంగ్లీషువే. సరిహద్దు గ్రామాల్లో కన్నడ మీడియం చదివి వచ్చినవారి అవస్థ వేరే చెప్పాలా!) కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయానికి వెళ్లి సందేహం తీర్చుకుందామంటే మంత్రాలయం నుంచి దాదాపు 90 కిలోమీటర్లు. బస్సు చార్జీకి తోడు ఒక రోజు కూలి పోతుంది.

యు.జి.సి. నిబంధనల్లోనే మరో మాట ఉంది. తగిన అధ్యాపకుడు లేనిచోట, కోరిన ఐచ్ఛిక పేపరు కాలేజీలో లేనిచోట స్వయం పాఠాన్ని వాడుకోవచ్చు. కాని ల్యాబు, కంప్యూటరు, గ్రంథాలయ వసతి కాలేజీయే ఉచితంగా కల్పించాలి. దారి చూపడానికి ఒక అధ్యాపకుడిని నియమించాలి. శాతాన్ని గుర్తుంచుకున్నవారు ఈ బాధ్యతనూ గుర్తుంచుకోవాలి గదా!

పెద్దగా ఖర్చు లేని పని ఒకటుంది. ఏ పేపరుకు బదులు ఏ పాఠం చెల్లుతుందో, ఏది ససేమిరా చెల్లదో తెలుగులో రాసి, సెమిస్టరు మొదలుకాక ముందే ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల నోటీసు బోర్డులకు అంటించాలి. దరఖాస్తు పెట్టుకున్నవారికి ఔనో కాదో, పాఠాల్లో చేరే గడువులోగా కాగితం మీద ఇవ్వాలి. కాదంటే కారణం కూడా రాయాలి.