గోడకు అటూ ఇటూ ఒకటే పార్కు

ఎమర్జెన్సీ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అదే ఏడు, 1975 సెప్టెంబరులో, హైదరాబాద్‌లో ఇందిరాపార్కుకు శంకుస్థాపన చేశారు. నోరెత్తితే జైలన్న రోజుల్లో పునాదిరాయి పడిన ఆ పార్కు పక్క రోడ్డే తర్వాత ధర్నాచౌక్ అయింది. చరిత్ర ఇలాంటి చమత్కారాలు చేస్తూనే ఉంటుంది.

1978లో తెరిచిన ఈ 76 ఎకరాల లోపలి సంగతి అందరికీ తెలిసిందే. పొద్దున వాకర్లు, ఎండ ముదిరాక జంటలు. పెళ్లికాని జంటలు రాకూడదని 2021లో బోర్డు పెట్టి, నలుగురూ దుమ్మెత్తిపోసేసరికి పీకేశారు. (పెళ్లి శుభలేఖ వెంటబెట్టుకుని పార్కుకు వెళ్లేవాళ్లెవరో!)

బయటి కథ వేరు. జిల్లాల నుంచి తెల్లారగట్ల బస్సు దిగిన అంగన్‌వాడీ టీచర్లు, ఆశా వర్కర్లు టెంటు కింద కూర్చుంటారు. ముందు మైకులో నినాదాలు, వెనక వరసలో సద్ది విప్పుకునే చేతులు. 2017లో కాలనీవాళ్లకు ఇబ్బందంటూ ధర్నాచౌక్‌ను మూసి, ధర్నాలను శివార్లకు తరలించాలని చూసింది కేసీఆర్ ప్రభుత్వం. ఆ మే నెల 'చలో ధర్నాచౌక్' నాడు, స్థానికులమంటూ ప్లకార్డులు పట్టినవాళ్లలో మఫ్టీ పోలీసులున్నారని పెద్ద దుమారం. 2018లో హైకోర్టు జోక్యంతో టెంట్లు మళ్లీ లేచాయి. 2021 నవంబరులో వడ్ల కొనుగోలుపై కేంద్రాన్ని నిలదీస్తూ ముఖ్యమంత్రి కేసీఆరే అక్కడ ధర్నాకు కూర్చున్నారు! ధర్నాచౌక్ మూసిననాటి హోంమంత్రి నాయిని నర్సింహారెడ్డి అసలు కార్మిక నాయకుడు. ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీకి పోయే ఉక్కు వంతెనకు ఇప్పుడు ఆయన పేరే.

కాలనీవాళ్ల ఇబ్బంది ఉత్తదని నేననను. మైకు చెవులు చిల్లులు పొడుస్తుంది, ట్రాఫిక్ ఆగిపోతుంది. అందుకు మైకు తగ్గించాలి గానీ మనుషుల్ని ఊరవతలికి తోలడమేమిటి? అక్కడ మొర వినేదెవరు?

అసలు లోటు మరుగుదొడ్డి. రోజంతా కూర్చోవాల్సిన ఆడవాళ్లు మంచినీళ్లు తాగడానికే జంకుతారు. గోడకు ఆ పక్కనే నీడ ఉంది, నీళ్లున్నాయి, మరుగుదొడ్లున్నాయి. అడ్డం టికెట్ గేటు. ధర్నా రోజుల్లో ఒక గేటు ఉచితంగా తెరిచిపెడితే జీహెచ్ఎంసీకి పోయేదేమీ లేదు. ఈ మాట వాకర్లే అడిగితే మరీ మంచిది. ఉద్యోగంలో ఉండగా పీఆర్సీ కోసం ఆ రోడ్డు మీద కూర్చున్నవాళ్లు వాళ్లలోనూ ఉంటారు.

— పాదచారి