కారణం రాయండి: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మాజీ సైనికుల ప్రణాళిక

ఊళ్లో మమ్మల్ని ‘మిలటరీ ఆయన’ అంటారు. పేరు గొప్పదే. ఆ పేరున్న చాలా ఇళ్లలో ట్రంకు పెట్టె అడుగున ఒక ఉత్తరం ఉంటుంది. మీ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు, కాబట్టి డిసేబిలిటీ పెన్షన్ రాదు అని. ఇంగ్లీషులో దీన్ని నాలుగక్షరాలకు కుదించి ‘నానా’ అంటారు. నానా తిప్పలు అంటే ఏమిటో ఆ తర్వాతే మాకు తెలిసింది. 2016లో మా పాత జిల్లా ముక్కలై మూడు కలెక్టరేట్ల కిందికి వచ్చాం. చేతిలో కాగితం మాత్రం అందరిదీ ఒకటే.

అప్పీలు ఎందుకు పోతుంది? మెడికల్ బోర్డు ఒక ముక్క రాస్తుంది: పీస్ స్టేషన్‌లో బయటపడింది, పుట్టుకతో ఉన్న లక్షణం. ఎందుకు అలా అనుకున్నారో రాయదు. మొదటి అప్పీలు కమిటీ ముందుకు వెళ్లేవీ అవే కాగితాలు, రెండో కమిటీ ముందుకూ అవే. కారణమే లేని మాటకు జవాబు ఏమని చెప్పాలి?

నిబంధన మనవైపే ఉంది. సిగ్నల్స్ కోర్‌లో 1985లో చేరిన ధరంవీర్ సింగ్‌ను ఫిట్స్ వచ్చాయని ఇంటికి పంపారు. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆయన కేసులో తేల్చి చెప్పింది: భర్తీ నాడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరినట్టు లెక్క. రుజువు చేసే భారం సైనికుడిది కాదు. కాదనేట్టయితే బోర్డు కారణం రాయాలి. ఉద్యోగానికి పనికిరాడని పంపేసిన మనిషికి పింఛను రాకుండా వైకల్యం 20 శాతం లోపు అని రాయడం మరో తమాషా. అలా పంపితే 20కి పైనే అనుకోవాలని 2014లో సుఖ్విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మా తప్పూ ఉంది, దాచం. మెడికల్ క్యాటగిరీ తగ్గితే ప్రమోషన్ పోతుందని నొప్పి దాచుకున్నాం. పడ్డ రోజున ఇంజ్యురీ రిపోర్టు రాయించుకోలేదు. ఇంటికి పోయే తొందరలో చూపించిన చోటల్లా సంతకం పెట్టాం. దొంగ క్లెయిములు ఉన్నాయన్న మాటా వింటున్నాం. అలాంటి వాటి పక్కన మేం నిలబడం. కానీ రిటైరయ్యే ఆఫీసర్లలో వైకల్య పింఛను పొందే వాళ్ల శాతం, జవాన్లలో ఉన్న శాతానికి రెట్టింపు ఉందని 2023లో కాగ్ చెప్పింది. అనుమానం మాత్రం నాయక్ మీదా హవల్దార్ మీదా ఎందుకు పడాలి?

మేం అడిగేది పెద్దదేం కాదు. బోర్డు కారణం రాయాలి. ఆ కాగితాల నకలు డిశ్చార్జి రోజునే చేతికివ్వాలి. సుప్రీంకోర్టు తేల్చేసిన విషయంలో ప్రభుత్వం మళ్లీ కోర్టుకెక్కకూడదు. మన కేసులు చూసేది సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్. నడుము పోయిన మనిషిని అంత దూరం తిప్పకుండా హైదరాబాద్‌లో శాశ్వత బెంచ్ కావాలి.

మా వంతు పని మేం చేస్తాం. అలంపూర్‌లో, అచ్చంపేటలో, పెబ్బేరు సంతలో కూర్చుని కాగితాలు చదువుతాం. అప్పీలు రాసిపెడతాం, పైసా తీసుకోం. 2023 సెప్టెంబర్ 21 తర్వాత సర్వీసు వదిలిన వాళ్లకు కొత్త నిబంధనలు, అంతకుముందు వచ్చిన వాళ్లకు పాతవే. ఈ తేదీ చూసుకోకుండా ఎవరి కాగితమూ పంపం. భర్త పోయిన అక్కచెల్లెళ్లు తమ పని కాదనుకోవద్దు, ఆ ట్రంకు పెట్టె వాళ్లే తెరవాలి.

అన్నా, తమ్ముడూ, డిశ్చార్జి బుక్కు, బోర్డు కాగితాలు, తిరస్కరించిన ఉత్తరం పట్టుకుని రండి. ఆ ఉత్తరం కవరు కూడా పారేయకండి. ఉత్తరం ఎప్పుడు అందిందో చెప్పేది అదే, ఆ రోజు నుంచి మొదటి అప్పీలుకు గడువు 6 నెలలే.