ఏబదియారుగురు సిపాయిలు



మాది శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలోని జిల్లా కాదు. కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో, ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊరు. ఆముక్తమాల్యద వ్రాయుమని రాయలవారికి స్వప్నాదేశమైనది ఇక్కడనే అని చెప్పుకొంటాము. అటువంటి ఊళ్ళో, తెలుగు పండితుడిగా బడి నుండి విశ్రాంతి పొందిన నేను, వేలెడైనా లేని లోహపు సిపాయిలకు రంగులు వేస్తూ కూర్చున్నానంటే నవ్వు వచ్చేవారు నిరభ్యంతరంగా నవ్వవచ్చు. మా ఇంటావిడ ఇదివరకే నవ్వింది.

మనవడు తెప్పించిన బొమ్మలివి, ఎత్తు 15 మిల్లీమీటర్లు. బల్లపై బందరు కోట ముట్టడిని నిలిపి, పాచికలు వేసి ఆడాలని వాడి కోరిక. 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి కల్నల్ ఫోర్డ్ బురదనేల మీదుగా కోటపై పడ్డాడు. తెల్లవారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఫోర్డ్ వెంట ఉన్నవారు సుమారు 350 మంది ఐరోపావారు, 1400 మంది సిపాయిలు. ఇరవైఅయిదుగురికి ఒక బొమ్మ చొప్పున లెక్క వేస్తే 14 మంది దొరలు, 56 మంది సిపాయిలు, వెరసి 70.

ఈ కళలో రెండు మతాలున్నాయి. ఒక్కొక్క బొమ్మకు బొత్తాలు, కనుపాపలు కూడా దిద్ది వారాల తరబడి తీర్చేవారు ఒకరు. చేయి చాచినంత దూరంలో బాగుంటే చాలును, సేన పూర్తికావడమే ముఖ్యమనేవారు మరొకరు. నేను రెండవ మతస్థుణ్ణి. అది సోమరితనమనే మాటను అంగీకరించను.

కొండపల్లిలో చూడండి. తెల్లపొణికి కర్రతో చెక్కిన బొమ్మకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులు కాళ్ళు అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు దిద్దుతారు. నా పద్ధతీ ఇంచుమించు అదే. ముందుగా సబ్బునీటితో జిడ్డు కడిగి, పదేసి బొమ్మలను ఒక చెక్కబద్దపై జిగురుతో నిలబెడతాను. నల్లని అస్తరు వేస్తాను. అది ఆరిన పిమ్మట అందరి చొక్కాలకు ఒకేసారి ఎరుపు, తరువాత అందరి పట్టీలకు తెలుపు, అందరి తుపాకులకు గోధుమరంగు. ఒక రంగు ముగిసేదాకా మరొక సీసా మూత తీయను. చివర నీళ్ళగా కలిపిన ముదురు గోధుమరంగు ఒక్కసారి పారిస్తే మడతలలోకి దిగి నీడలు తానే దిద్దుకొంటుంది. పైన పలుచని వార్నిషు. పది బొమ్మలకు రెండు సాయంత్రాలు.

దూరానికి రంగే ప్రధానమని చరిత్ర కూడా సాక్ష్యమిస్తుంది. బందరుకు ముందు, 1758 డిసెంబరులో, చందుర్తి వద్ద ఇదే ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతి సాయంతో ఫ్రెంచివారిని ఓడించాడు. ఆనాడు ఎర్రచొక్కాల సిపాయిలను చూసి ఫ్రెంచివారు ఇంగ్లీషు పటాలమని భ్రమపడ్డారు. ఒక్క ఎరుపు ఒక సైన్యాన్ని మోసగించిందన్నమాట!

కాని ఆ ఎరుపే నన్నూ మోసగించింది. మొదట 14 మంది దొరలను తీరిగ్గా, మీసకట్టుతో సహా దిద్దాను. సిపాయిలు మిగిలిన రంగుతోనే అవుతారులే అనుకొన్నాను. మూడు వారాలు గడిచినా సిపాయి ఒక్కడూ బల్ల మీదికి రాలేదు. చివరకు ఒకే గోధుమరంగు 56 ముఖాలకూ పూసి ముగించాను. మనవడు చూసి, “తాతయ్యా, వీళ్ళందరిదీ ఒకటే ముఖమేమిటి?” అన్నాడు.

సిగ్గుపడ్డాను. సెలవు పెట్టిన చరిత్ర మాష్టారికి బదులుగా తరగతికి వెళ్ళినప్పుడు నేనే ఎన్నిమార్లో చెప్పిన వాక్యం ఒకటుంది: “ఇంగ్లీషువారు బందరు కోటను పట్టుకొన్నారు.” వ్యాకరణం నా వృత్తి. ఆ వాక్యానికి కర్త ఎవరు? అయిదుగురిలో నలుగురు సిపాయిలు. కోటలోపల ఫ్రెంచివారి పక్షాననూ సిపాయిలే హెచ్చు. ఉత్తరాదిన కుంపిణీ సిపాయిలందరినీ ‘తిలంగాలు’ అనేవారు. మన దేశం పేరే వారికి పేరైంది. దొరల పేర్లు పుస్తకాలకు ఎక్కాయి. వీరు అంకెలుగా మిగిలారు.

అందుచేత నా అభిప్రాయం మరింత గట్టిపడింది. నిదానంగా దిద్దేవాడు దొరల దగ్గరే ఆగిపోతాడు. సిపాయిల వంతు ఎన్నటికీ రాదు. త్వరగా వేసేవాడి బల్లపై మాత్రమే 56 మందీ నిలుస్తారు, ఎవరి నెత్తురుతో ఎవరు గెలిచారో పిల్లవాడి కంటికి కనబడుతుంది. “మన దాస్యాన్ని ఆటగా ఆడుకోవడమా?” అని అడిగినవారున్నారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథగా విని కంటతడి పెట్టిన జాతి మనది. ఆడినా పాడినా మరువకుండటమే కావాలి.

నిన్న గోధుమరంగును మూడు ఛాయలుగా కలిపాను. ముఖాలు మళ్ళీ వేయడానికి ఒక్క సాయంత్రం పట్టింది. దొరల జోలికి పోలేదు. వారికి మీసాలు ఇప్పటికే ఉన్నాయి.